స్కూటర్ డిక్కీలో బిళ్లలు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శ్రీనూ,

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి "నీకొకటి చెప్పాలిరా" అన్నావు చూడు, ఇంట్లో ఎవరికేమైందో అని నా గుండె జారిపోయింది. తీరా చూస్తే సంగతేంటి? డాక్టరు బిళ్ల రాశాడు, కొని ఐదు రోజులైంది, ఇంకా స్ట్రిప్ చింపలేదు. అసలు విషయంలోకి వచ్చేలోపే మీ ఆవిడ అడుగుల చప్పుడు వినిపించినట్టుంది, "సరేరా, ఆ ఇన్సూరెన్స్ కాగితాలు పంపు" అని పెట్టేశావు. ఏ ఇన్సూరెన్సురా నీ మొహం! వాట్సాప్‌లో ఇంత కొట్టడం నా వల్ల కాదు. అందుకే పాత పద్ధతిలో కాగితం తీశాను. చదివాక చింపెయ్యకు, మా చెల్లెమ్మకి కూడా ఇవ్వు. ఎందుకో చెప్తాను.

నువ్వడిగింది ఒక్కటే, "వేసుకుంటే ఏమన్నా అవుతుందా?" అని. దిగులుకీ కంగారుకీ రాసే అదే ఎస్సిటలోప్రామ్ నేను ఏడాదిన్నర వేసుకున్నాను. నీకు కూడా చెప్పలేదు, అది వేరే తప్పు. నేను డాక్టర్ని కాదు, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఎంత వేసుకోవాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి మీ డాక్టరే చెప్పాలి. కానీ ఆ బిళ్లతో నేను చేసిన వెధవ పనులు నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అన్నింటికీ వేరు ఒక్కటే, దాచడం.

హాస్టల్లో ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డ పంపండ్రా" అని నవ్వేవాళ్లం, గుర్తుందా? అందులో నీ గొంతు నా గొంతు కంటే పెద్దది. ఇప్పుడు నువ్వు కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి రోజూ ఆ ఎర్రగడ్డ స్టేషను దాటే అమీర్‌పేట వెళ్తున్నావు. నాకు డాక్టరు చీటీ రాసిన రోజున ఆ నవ్వే చెవిలో మోగింది. తెనాలిలో కొంటే తెలిసిపోతుందని గుంటూరు వెళ్లి కొన్నాను. ఇంట్లో పెడితే మీ వదిన చూస్తుందని స్కూటర్ డిక్కీలో, పంక్చర్ కిట్టు కింద పెట్టాను. రోజూ పొద్దున స్కూలుకు బయల్దేరేటప్పుడు, సందు మలుపులో బండాపి, నీళ్లు లేకుండా మింగేవాణ్ణి. దొంగతనంగా బీడీ కాల్చే కుర్రాడిలా. అవి చల్లగా, తడి తగలకుండా ఉంచాల్సిన మందులు. ఏప్రిల్ ఎండలో స్కూలు రేకుల షెడ్డు కింద స్కూటర్ డిక్కీ ఎలా కాలుతుందో నీకు చెప్పాలా? నెలన్నర తర్వాత మీ వదిన స్టెప్నీ పానా కోసం వెతికితే స్ట్రిప్ దొరికింది. తిడుతుందనుకున్నాను. "ఇన్నాళ్లూ నువ్వు నా మీద కోపంతో మాట్లాడట్లేదనుకున్నాను" అని ఏడ్చింది. ఆ తర్వాత డబ్బా మారింది, వంటగదిలో కాఫీపొడి పక్కకి వచ్చింది.

సరే, మొదటి పదిహేను రోజుల గురించి. ఇదే అందరినీ భయపెట్టేది. మొదటి మూడు నాలుగు రోజులు నాకు ఇడ్లీ గొంతు దిగలేదు. కడుపులో తిప్పడం, నోరు ఎండిపోవడం, రెండు రోజులు విరేచనాలు. ఆవులింతలు మాత్రం ఇన్నీ అన్నీ కావు, క్లాసులో బోర్డు వైపు తిరిగి ఆవులించేవాణ్ణి. ఒకడు లేచి "సార్, నిద్రపోలేదా?" అన్నాడు కూడా. టిఫిన్ తిన్నాక వేసుకుంటే వికారం తగ్గింది. కొందరికి ఇది మత్తు తెస్తుంది, వాళ్లకి రాత్రి బాగుంటుంది. కొందరికి నిద్ర చెడగొడుతుంది, వాళ్లకి పొద్దున బాగుంటుంది. నీకేదో రెండు రోజుల్లో తెలిసిపోతుంది, డాక్టర్ని అడిగి వేళ మార్చుకో. ఇవన్నీ వారం పది రోజుల్లో సర్దుకున్నాయి.

చిక్కెక్కడంటే, ఇబ్బందులు మొదటి రోజే వస్తాయి, మేలు మాత్రం తీరిగ్గా వస్తుంది. రెండు వారాల దాకా నాకు ఇసుమంత తేడా తెలియలేదు. పూర్తిగా తెలియడానికి ఆరేడు వారాలు పట్టింది. అదీ ఎలాగంటే, ఒక సాయంత్రం కాలవ గట్టు మీద వస్తూ మిరపకాయ బజ్జీల వాసనకి బండాపాను. కొన్ని నెలలుగా నాకు ఏ వాసనా పట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. అంతే. సినిమాల్లోలా ఒక్కసారిగా వెలుగులు రావు. కాబట్టి పదో రోజున "ఇది పనిచెయ్యట్లేదు" అని పారెయ్యకు, నీ సంగతి నాకు తెలుసు.

గూగుల్లో చదివి భయపడ్డానన్నావు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయట అని. నిజమే, ఆ హెచ్చరిక ఉంది. అమెరికాలో మందుల మంచిచెడ్డలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో పెట్టించింది, 2007లో 24 ఏళ్ల దాకా పొడిగించింది. అంతకంటే పెద్దవాళ్లలో ఆ పెరుగుదల కనపడలేదు. నీకు నలభై మూడు, నీ పిల్లవేషాలు లెక్కలోకి రావు. అయినా మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, ఏ వయసువాళ్ల మీదైనా ఒక కన్నుండాలి. ఒకచోట కూర్చోలేనంత కంగారు పుట్టినా, బతకడం ఎందుకనిపించినా దాన్ని నీలోనే ఉంచుకోకూడదు. నీకే తెలియకుండా నీ మొహం మారితే ముందు కనిపెట్టేది చెల్లెమ్మే. ఈ ఉత్తరం ఆమెకివ్వమన్నది అందుకే. అర్ధరాత్రి డాక్టరు దొరక్కపోతే 14416 ఉంది, టెలి మానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, ఇరవై నాలుగ్గంటలూ. ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకో. నా నంబరూ ఉందిగా, ఎన్నింటికైనా చెయ్యి.

ఇక నా పెద్ద వెధవ పని విను. మే నెలలో రేపల్లె దగ్గర మా బావమరిది కూతురి పెళ్లి. ఐదు రోజులు. ఒకే గదిలో ఏడుగురం. బ్యాగులో బిళ్లలు ఎవరైనా చూస్తే? మా పెదబావగారి నోరు నీకు తెలుసు, మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరంతా పాకుతుంది. "ఎలాగూ బాగానే ఉన్నాగా, ఐదు రోజులకేం" అని ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. మీ వదినకి కూడా చెప్పలేదు. మూడో రోజు, సరిగ్గా తలంబ్రాల వేళ, పక్కకి చూద్దామని కళ్లు తిప్పాను. తలలో జివ్వుమంది. చిన్నప్పుడు సైకిల్ డైనమో తీగ పట్టుకుంటే కొట్టేది చూడు, అలా. మళ్లీ కళ్లు తిప్పితే మళ్లీ జివ్వు. ఒళ్లు తూలుతోంది, కారణం లేకుండా కోపం, ఫొటోగ్రాఫర్ని కసిరాను. రాత్రి నిద్రలో రంగురంగుల పీడకలలు. మెదడులో నరం తెగిందనే అనుకున్నాను. ఊళ్లో ఆర్ఎంపీ బీపీ చూసి "ఎండ దెబ్బ" అని గ్లూకోజు పెట్టాడు. అతని తప్పేముంది, ఏం మందులు వాడుతున్నావని అడిగితే "ఏమీ లేవు" అన్నాను.

తిరిగొచ్చాక డాక్టరు చెప్పాడు, ఒక్కసారిగా ఆపితే అలాగే ఉంటుందట. ఇది తాగుడులా అలవాటై మోతాదు పెంచుకుంటూ పోయే రకం కాదు. కానీ ఒళ్లు దానికి సర్దుకుని ఉంటుంది కాబట్టి, మెల్లగా దింపాలి. ఒక పూట మర్చిపోతే ఫరవాలేదు, గుర్తు రాగానే వేసుకోవచ్చు. తర్వాతి పూట దగ్గర పడితే పాతది వదిలెయ్యి. రెండూ కలిపి మాత్రం వేసుకోకు. మొత్తానికి ఆపే రోజు వచ్చినప్పుడు నాకు పది మిల్లీగ్రాముల్ని ఐదు చేసి, కొన్ని వారాలాగి, అందులో సగం చేసి, నాలుగు నెలలు పట్టించాడు. ఆ బిళ్ల మధ్య గీత మీద బ్లేడు పెట్టి విరుస్తుంటే సగం పొడైపోయేది. మీ వదిన పోకచెక్కల కత్తెర తెచ్చింది, అది భేషుగ్గా పనిచేసింది.

రెండోది ఇంకా ఘోరం. శ్రావణంలో నడుం పట్టేసింది. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే అదే ప్రశ్న, అదే నా జవాబు, "ఏం వాడట్లేదండి." ఆయన ట్రమడాల్ కలిసిన నొప్పి బిళ్ల రాశాడు. మా వీధి మెడికల్ షాపులో కొన్నాను. ఎస్సిటలోప్రామ్ గుంటూరు షాపులో కొంటున్నాను కాబట్టి ఏ షాపువాడికీ రెండూ కలిసి కనపడలేదు. ఎంత తెలివిగా ఏర్పాటు చేసుకున్నానో చూడు! రెండో రోజు రాత్రికి చొక్కా పిండితే చెమట, గుండె దడదడ, చేతులు వణుకు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికాయి. మంచం మీద పడుకుంటే కాళ్లు వాటంతటవే అదురుతున్నాయి. మీ వదిన సైకియాట్రిస్టుకి ఫోన్ చేసి రెండు స్ట్రిప్పుల మీది పేర్లూ చదివి వినిపించింది. ఆయన వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాడు. రాత్రంతా మానిటరు పెట్టి ఉంచారు. రెండు మందులూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే, కలిస్తే శ్రుతి మించుతుందట. నాది తేలిగ్గా పోయింది. ముదిరితే జ్వరం, కండరాలు బిగుసుకోవడం, మతి తప్పడం దాకా వెళ్తుంది.

అందుకని చెప్తున్నా, పంటి డాక్టరైనా, కంటి డాక్టరైనా, ముందు ఈ బిళ్ల పేరు చెప్పు. జ్వరానికీ తలనొప్పికీ పారాసెటమాల్ మామూలుగా వాడుకోవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి బిళ్లలతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఆస్పిరిన్ గుండెకి రాసిందైతే నీ అంతట నువ్వు ఆపకు, అడుగు. కొన్ని దగ్గు మందుల్లో డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉంటుంది, అదీ ఈ సెరటోనిన్ కోవలోదే. నువ్వు ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల ఉందే, అది ఓమెప్రజోల్ అయితే ఎస్సిటలోప్రామ్‌ని రక్తంలో పెంచుతుంది. నిన్నటి దాకా నువ్వు దాన్ని మందు కింద లెక్కేశావా? వెయ్యలేదు. మీ మావగారు పంపే లేహ్యం సీసా కూడా పట్టుకెళ్లి చూపించు.

డాక్టరుకి నువ్వు చెప్పి ఉండవని నాకు గట్టి అనుమానమున్నది ఇంకోటుంది. మీ చిన్నాన్న. ఒక ఎండాకాలం వారం రోజులు నిద్రపోకుండా, ఆపకుండా మాట్లాడుతూ, లేని డబ్బుతో మామిడితోటకి బయానా ఇచ్చొచ్చాడు, మరుసటి ఏడాది గది తలుపు తియ్యలేదు. మనం చిన్నతనంలో దాన్ని నవ్వులాటగా చెప్పుకున్నాం. అలాంటిది ఇంట్లో ఉంటే డాక్టరుకి తెలియాలి. బైపోలార్, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు అతి దిగులు ఉన్నవాళ్లకి ఈ బిళ్ల ఒక్కటే ఇస్తే మనిషి ఆ హుషారు వైపు ఎగిరిపోయే ప్రమాదముంది. నీకెప్పుడైనా అలాంటి హుషారు వచ్చిందా, ఇప్పుడు వస్తోందా అన్నది కూడా.

దీనితో పాటు రాత్రికి రాసిన మత్తు బిళ్ల క్లోనజెపామ్ సంగతి వేరు. అది మాత్రం అలవాటు పడే మందే. నాకు మూడు వారాలకని రాసి ఆపించాడు. నీకెన్నాళ్లో చీటీ మీద రాయించుకో. పాత చీటీ పట్టుకుని షాపువాణ్ణి బతిమాలి మళ్లీ మళ్లీ కొనకు. అది వేసుకున్న మర్నాడు మత్తు వదలకుండా బండి తియ్యకు, మెట్రో ఉందిగా. శనివారం పార్టీలు కొన్నాళ్లు కట్టిపెట్టు. క్లోనజెపామూ తాగుడూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది, ఇందులో బేరాల్లేవు.

ఫోన్లో ఒకటి అడగబోయి నీళ్లు నమిలావు. నేనే చెప్తా. అవును, పడకటింట్లో తేడా చేస్తుంది. కోరిక తగ్గొచ్చు, ఆలస్యం కావొచ్చు. నాకు అయింది, మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు, మీ వదిన ఇంకేదో అనుకుంది. చివరికి డాక్టరుకి చెప్తే ఆయన "అందరూ తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చి చెప్పేది ఇదే" అని నవ్వి, మోతాదు తగ్గించి సర్దాడు. మందు మార్చే దారి కూడా ఉందన్నాడు. సిగ్గుపడి బిళ్ల మానెయ్యకు, అడుగు.

ఎన్నాళ్లంటావేమో. నాకైతే, బాగైపోయానని నాకనిపించాక ఇంకో తొమ్మిది నెలలు వేయించాడు. మొదటిసారి వచ్చినవాళ్లకి కనీసం ఆరు నెలలట, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి ఇంకా ఎక్కువ. బాగుంది కదా అని మానేస్తే తిరిగొస్తుంది. మీ మావయ్య యోగా చెయ్యమన్నాడన్నావు. చెయ్యి, పొద్దున్నే నడువు కూడా, ఎవరొద్దన్నారు? బిళ్ల మింగి చెయ్యి.

ఈ ఉత్తరం అందిన మర్నాడే టిఫిన్ తిన్నాక, చెల్లెమ్మ ముందే వేసుకో. దానికి ముందు చిన్నాన్న సంగతీ గ్యాస్ బిళ్ల సంగతీ డాక్టరుకి ఫోన్లో చెప్పి, ఆయన సరేనన్నాకే. రాత్రి ఎనిమిదింటికి నేనే చేస్తాను, బాల్కనీలోకి పోకుండా హాల్లోనే కూర్చుని మాట్లాడు. సంక్రాంతికి రా, ఆ పోకచెక్కల కత్తెర నీకోసం తీసి పెట్టమని మీ వదినకి చెప్పాను.

నీ
మూర్తి