‘బాలెరీనా’ సినిమా పేజీలోని తప్పులపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ యాప్‌లో ‘బాలెరీనా’ సినిమాకు పెట్టిన పోస్టర్, కథా పరిచయం, సిరీస్ వరుస, నటుల జాబితా సరిచేయాలని కోరుతూ.

నమస్కారం.

నేను చాలాకాలంగా మీ ఓటీటీ సభ్యత్వం కడుతున్నాను. ‘జాన్ విక్’ అనే కిరాయి హంతకుడి యాక్షన్ సినిమాల సిరీస్‌లో భాగంగా 2025లో విడుదలైన ‘బాలెరీనా’ సినిమాకు మీ యాప్‌లో విడిగా అద్దె కట్టి, మా చెల్లెలితో కలిసి చూశాను. సినిమా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీరు దాన్ని జనం ముందు పెట్టిన తీరు మీదే ఈ ఉత్తరం. ఈ విషయం మీ చాట్‌లో చెబితే, యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. తేడా నా ఫోన్‌లో లేదు, మీరు పెట్టిన పేజీలోనే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు పోస్టర్ సంగతి. ఆ పేజీ తెరవగానే కనిపించేది జాన్ విక్‌గా నటించిన కియాను రీవ్స్ ముఖం. కథానాయిక ఈవ్‌గా నటించిన ఆనా డె అర్మాస్ ఆయన భుజం వెనక చిన్నగా, సగం చీకట్లో ఉంది. పేజీలో ఆడే చిన్న వీడియోలో కూడా దాదాపు అన్నీ ఆయన షాట్లే. కానీ ఈ సినిమా ఈవ్ మకారో కథ. చిన్నప్పుడే కళ్లెదుట తండ్రిని పోగొట్టుకుని, రస్కా రోమా అనే హంతకుల ముఠా వాళ్ల దగ్గర బాలే నాట్యంతో పాటు చంపడమూ నేర్చుకుని, పెద్దయ్యాక తండ్రిని చంపిన ముఠాను వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయి కథ. జాన్ విక్ ఇందులో ఒకసారి కాసేపు కనిపిస్తాడు, మళ్లీ చివరి భాగంలో వస్తాడు. అంతే. సినిమా భారమంతా మోసేది ఆమే.

మీ పోస్టర్ చూసి కూర్చున్న మా చెల్లెలు మొదటి గంటంతా "ఆయన ఎప్పుడొస్తాడు?" అని అడుగుతూనే ఉంది. ఈవ్ శిక్షణ సన్నివేశాలు నడుస్తుంటే ఫోన్ చూసుకుంది. ఇది ఒక అమ్మాయి పగ కథ అని పేజీలోనే సరిగ్గా చెప్పి ఉంటే, తను మొదటి నిమిషం నుంచీ ఈవ్‌నే చూస్తూ కూర్చునేది. అలాంటి కథలంటే తనకు ప్రాణం.

ఆ శిక్షణ సన్నివేశాలు పోతే ఈ సినిమాలో సగం పోయినట్టే. అందుకే నాకు ఇంత బాధ. ఈవ్ తన కంటే బరువైన, బలమైన మనిషితో తలపడి ఓడిపోతూ ఉంటుంది. నువ్వు ఎప్పటికీ వాడికంటే చిన్నదానివే, బలంలో గెలవలేవు, కాబట్టి నీకు వీలైన పద్ధతిలో, అవసరమైతే అడ్డదారిలో కొట్టు అని ఆమె గురువు నేర్పుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి ఫైటూ ఆ పాఠం మీదే నిలబడి ఉంటుంది. చేతికి ఏది దొరికితే అదే ఆయుధం. హోటల్‌లో ప్లేట్లు, మంచు మీద జారే స్కేట్లు, ఇరుకు గదిలో గ్రెనేడ్లు. చివర్లో నిప్పులు కక్కే ఫ్లేమ్‌త్రోయర్‌కు ఎదురుగా నీళ్ల పైపు పట్టుకుని నిలబడుతుంది. జాన్ విక్ పోరాటానికీ ఈమె పోరాటానికీ తేడా అక్కడే ఉంది. ఆయన లెక్క తప్పకుండా గురిచూసి కాలుస్తూ ముందుకు నడుస్తాడు. ఈమె పడుతుంది, దెబ్బలు తింటుంది, పడినచోట దొరికినదాంతోనే లేస్తుంది. దర్శకుడు లెన్ వైజ్‌మన్, ఆ స్టంట్ టీమ్ ఇంత ఆలోచించి ఆమెకంటూ ఒక పోరాట శైలి తయారుచేస్తే, మీరు దాని మీద వేరే హీరో ముఖం అతికించారు.

పేరున్న హీరో బొమ్మ పెడితే ఎక్కువమంది నొక్కుతారని మీ మార్కెటింగ్ వాళ్లు అనుకుని ఉండొచ్చు. సినిమా పూర్తి పేరులోనే జాన్ విక్ ప్రపంచం అని ఉంది కాబట్టి ఆయన బొమ్మ అసలు ఉండకూడదని నేను అనను. కానీ ఆయన కోసం నొక్కినవాళ్లు పావుగంటలో విసుగెత్తి ఆపేస్తారు, ఆమె కోసం చూడాల్సినవాళ్లు అసలు నొక్కనే నొక్కరు. థియేటర్లలో ఆశించినంత ఆడని సినిమా ఇది. ఇప్పుడు కొత్త ప్రేక్షకులు దొరికితే ఇళ్లలోనే దొరకాలి. అంటే మీ పేజీ దగ్గరే.

ఇక కథా పరిచయం. ఇది పోస్టర్ కంటే దారుణం. మీరు రాసిన నాలుగు వాక్యాల్లో మూడోది చదివితే, ఈవ్‌కు ఎదురు నిలిచిన లీనా ఎవరో తెలిసిపోతుంది. ఆమె ఈవ్ తోబుట్టువని ముందే చెప్పేశారు. ఇలాంటి సినిమాల్లో కథ సన్నగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అందుకే ఉన్న ఒక్క మలుపునూ కాపాడాలి. పగ తీర్చుకోవడానికి వచ్చిన మనిషికి, తాను చంపాలనుకున్న వాళ్లలోనే తన రక్తం ఉందని తెలిసే చోటు అది. గుండె బరువెక్కాల్సిన ఆ క్షణంలో మా చెల్లెలు "ఇది ముందే రాశారుగా" అంది. ఆ పరిచయం రాసినవారు సినిమా చూసే రాశారనుకుంటాను. చూసినవారు ఆ వాక్యం ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు.

సిరీస్ వరుసలో కూడా తప్పుంది. మీరు దీన్ని ఐదో సినిమాగా పెట్టి, కింద "నాలుగో భాగం తర్వాతి కథ" అని రాశారు. విడుదల వరుసలో ఐదోదే, నిజమే. కథ మాత్రం 2019లో వచ్చిన మూడో భాగానికీ, 2023లో వచ్చిన నాలుగో భాగానికీ మధ్య జరుగుతుంది. మూడో భాగంలో జాన్ విక్ సాయం కోసం ‘డైరెక్టర్’ అని పిలిచే రస్కా రోమా నాయకురాలి దగ్గరికి, అంటే అంజెలికా హ్యూస్టన్ పాత్ర దగ్గరికి వెళ్తాడు కదా, అదే సందర్భాన్ని ఇక్కడ ఈవ్ వైపు నుంచి చూపిస్తారు. ఆ సమయంలోనే ఈవ్, జాన్ విక్ మొదటిసారి మాట్లాడుకుంటారు. నాలుగో భాగం ముగింపు చూసి, వెంటనే మీ మాట నమ్మి ఇది మొదలుపెట్టినవాళ్లకు అంతా గందరగోళమే. ఒక్క లైను మారిస్తే సరిపోయే విషయం ఇది.

ఇంకొకటి. మీ నటుల జాబితాలో లాన్స్ రెడిక్ పేరు లేదు. హోటల్ ఉద్యోగి షారన్‌గా మొదటి భాగం నుంచీ ఉన్న నటుడాయన. 2023 మార్చిలో చనిపోయారు. బతికుండగా ఈ సినిమాకోసం నటించిన సన్నివేశాలు ఆయన పోయాక రెండేళ్లకు తెర మీదికి వచ్చాయి. ఆ పాత్రలో ఆయనను చివరిసారి చూసేది ఇందులోనే. ఆయన కనిపించగానే నేను కాసేపు సినిమా ఆపి కూర్చున్నాను. చిన్న పాత్రలవాళ్ల పేర్లకు కూడా చోటిచ్చిన జాబితాలో ఆయన పేరు లేకపోవడం న్యాయం కాదు.

నేను కోరేది ఇది. పోస్టర్‌లోనూ వీడియోలోనూ ఆనా డె అర్మాస్‌ను ముందు పెట్టండి. కథా పరిచయం నుంచి లీనా గురించిన వాక్యం పూర్తిగా తీసేయండి, ఇది ఈరోజే చేయొచ్చు. కథ మూడు, నాలుగు భాగాల మధ్యదని రాయండి. లాన్స్ రెడిక్ పేరు చేర్చండి. మా చెల్లెలు ఈసారి మొదటినుంచీ చూస్తానంటోంది కాబట్టి, అయిపోయిన అద్దె గడువును మరోసారి తెరవండి. డబ్బు వెనక్కి ఇస్తామంటే అది నాకు అక్కర్లేదు, పేజీ మారితే చాలు.

పేజీ స్క్రీన్‌షాట్లు, మీ చాట్ సంభాషణ కాపీ దీంతో పాటు పంపుతున్నాను. రెండు వారాల్లోగా జవాబు ఇవ్వగలరు. ఆ జవాబు ఈ సినిమా చూసినవారితో రాయించండి.

ఇట్లు,
మీ సభ్యురాలు