నీళ్ళు నింపే ముందు ఇది ఒక్కసారి చదువు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "స్విమ్మింగ్ పూల్‌కి కొత్త ప్లాస్టర్ వేయిస్తున్నాను రా, జులైలో మొదలుపెడతారట" అని చెప్పి నువ్వు హాయిగా పడుకుని ఉంటావు. నాకు మాత్రం అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు. నాన్నగారికి మోకాలు ఎలా ఉందో కూడా రాయి.

ముందుగా, జులై వద్దు. అరిజోనాలో, మీ చాండ్లర్‌లో జులై అంటే 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. అంత వేడిలో తాపీ పట్టినవాళ్ళు నునుపు చేసే లోపే పై పొర ఆరిపోయి, జుట్టు వెంట్రుకంత సన్నటి పగుళ్ళు వస్తాయి. ఆరిపోతోంది కదా అని పైన నీళ్ళు చల్లి రుద్దుతారు. అలా చల్లిన చోట సిమెంటు పల్చబడి, తర్వాత మచ్చలు తేలతాయి. అక్టోబరు దాకా ఆగు. ఈ వేసవికి పాత పూల్‌లోనే ఈదుకోండి, కొంపలేం మునిగిపోవు.

ఇక అసలు సంగతి. ప్లాస్టర్ అంటే తెల్ల సిమెంటు, చలువరాతి పొడి కలిపి అర అంగుళం మందాన వేసే పూత, అంతే. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతున్నప్పుడు లోపల సున్నం పుడుతుంది. గట్టిపడిన సిమెంటులో దాదాపు ఐదో వంతు ఈ సున్నమే ఉంటుంది. మన ఊళ్ళో ఇల్లు కడితే శ్లాబు పోసిన మర్నాటి నుంచి మట్టిగట్లు కట్టి నీళ్ళు నిలబెడతారు, స్తంభాలకి గోనెసంచులు చుట్టి తడుపుతారు. పూల్‌కి ఆ క్యూరింగ్ నీళ్ళ అడుగున జరుగుతుంది. మొదటి 28 రోజులూ నువ్వు నింపిన నీళ్ళే దానికి క్యూరింగ్ నీళ్ళు. అవి ఎలాంటి నీళ్ళన్న దాన్ని బట్టే ఆ గోడ రాబోయే పదేళ్ళు ఎలా ఉంటుందో తేలిపోతుంది. నాకు ఇది తెలియకే నష్టపోయాను.

మా నాయనమ్మ తాంబూలం పెట్టె గుర్తుందా? సెలవలకి మా ఊరు వచ్చినప్పుడు చూశావు. అందులో సున్నం భరిణె మూత సరిగ్గా పెట్టకపోతే పైన తెల్లటి పెచ్చు కట్టేది. నాయనమ్మ ఆ పెచ్చు గోటితో తీసేసి, కింద మెత్తటి సున్నం మీద రెండు చుక్కల నీళ్ళు వేసేది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సున్నాన్ని తాకి రాయిగా మారుస్తోందన్నమాట. బళ్ళో సైన్సు మాస్టారు సున్నపు తేటలో గొట్టం పెట్టి ఊదించినప్పుడు తేట పాలలా అయిందే, అదీ ఇదే. కొత్త ప్లాస్టర్ గోడ మీద కూడా ఇదే జరుగుతుంది. గోడలోంచి సున్నం ఊరి నీళ్ళలోకి వస్తుంది, నీళ్ళలోని బైకార్బొనేట్‌తో (వంటసోడాలో ఉండేదే) కలిసి తెల్ల పొడి అవుతుంది. ఇక్కడి వాళ్ళు దాన్నే ప్లాస్టర్ డస్ట్ అంటారు. నీళ్ళలో బైకార్బొనేట్ పుష్కలంగా ఉంటే సున్నం బయటికి కారకముందే గోడ మీదే రాయిగా మారి పై పొరని గట్టి చేస్తుంది. తక్కువగా ఉంటే సున్నం కారిపోతూనే ఉంటుంది, గోడకి సన్నసన్నటి రంధ్రాలు మిగులుతాయి.

రెండేళ్ళ కిందట మార్చిలో మా పూల్ చేయించాను. పని బాగానే చేశారు. ఒక పైపు పెట్టి నింపితే 15,000 గ్యాలన్లకి దాదాపు 26 గంటలు పట్టింది. నిండిన మర్నాడు కంపెనీ మనిషి వచ్చి, యాసిడ్ సీసా ఒకేచోట ఒలకబోసి, "రోజూ బ్రష్ చేయండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నీళ్ళు కొలవలేదు. నాకూ కొలవాలని తోచలేదు. నాలుగు రోజులు బ్రష్ చేశాను. శుక్రవారం హ్యూస్టన్‌లో పెళ్ళి ఉంది, మూడు రోజులు పోయి వచ్చాం. ఆదివారం రాత్రి లైటు వేసి చూస్తే నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి, అడుగున పిండి జల్లినట్టు తెల్లటి పొర పరుచుకుంది. పొద్దున్నే బ్రష్ పెట్టి తోశాను, సగం లేచింది, సగం కదల్లేదు. అది అప్పటికే నేలకి పట్టేసింది. గోడలోంచి కారిపోయిన సున్నమే నేల మీద గరుకుపొరై కూర్చుంది. జూన్‌లో మా చిన్నది మెట్టు మీద కూర్చుని ఆడుకుంటే తొడ వెనక చర్మం గీరుకుపోయింది. ఆ రోజు నాకు కలిగిన బాధ మాటల్లో చెప్పలేను. యాసిడ్ పోసిన చోట ఇప్పటికీ నీళ్ళ కింద చారలు కనిపిస్తాయి, చేత్తో తడిమితే ఉప్పుకాగితంలా ఉంటుంది.

తర్వాత కూర్చుని లెక్క కట్టాను. ఆ లెక్క నీకూ చెబుతాను, నువ్వు తప్పకుండా నేర్చుకోవాలి. బర్క్‌లీలో పనిచేసిన లాంజిలియర్ అనే ప్రొఫెసర్ 1936లో ఊరి మంచినీళ్ళ గొట్టాలు తినకుండా చూడటానికి ఒక సూచిక కట్టాడు. నీళ్ళలో సున్నపురాయి ఎంత కరగాలో అంతే కరిగి ఉంటే సూచిక సున్నా. తక్కువైతే నీళ్ళకి ఆకలి, గోడని తింటాయి. ఎక్కువైతే గోడ మీద కక్కుతాయి. పూల్ వాళ్ళు దీన్ని ఎల్ఎస్ఐ అంటారు. కాగితం మీద చాలా తేలిక: పీహెచ్ (నీళ్ళ పులుపు ఎంతో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), వేడికి ఒక అంకె, క్యాల్షియం హార్డ్‌నెస్‌కి (నీళ్ళలో కరిగిన క్యాల్షియం కొలత) ఒక అంకె, ఆల్కలినిటీకి (ముఖ్యంగా ఆ బైకార్బొనేట్ కొలత) ఒక అంకె పట్టికలో చూసి కలిపి, 12.1 తీసెయ్యి. మా మార్చి నీళ్ళకి పీహెచ్ 7.4, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి 0.4, హార్డ్‌నెస్ 100కి 1.6, ఆల్కలినిటీ 80కి 1.9. కలిపితే 11.3. అందులోంచి 12.1 పోతే మైనస్ 0.8. సున్నాకి అటూ ఇటూ 0.3 లోపు ఉండాలి. అంత ఆకలిగా ఉన్న నీళ్ళని అప్పుడే పుట్టిన గోడ మీద వదిలాను, అది చాలక పైన యాసిడ్ కూడా.

నీ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మీకు వచ్చేది కొలరాడో నది, సాల్ట్ నది నీళ్ళు, గట్టి నీళ్ళు. హార్డ్‌నెస్ 250 అనుకుంటే 2.0, ఆల్కలినిటీ 130కి 2.1, వేడి 90 దాటితే 0.8. కొత్త ప్లాస్టర్ వల్ల పీహెచ్ 8కి పాకుతుంది. ఇవన్నీ కలిపి 12.1 తీస్తే ప్లస్ 0.8. నీకు గోడ తినేసే భయం తక్కువ, పొర కట్టే భయం ఎక్కువ. అందుకని నాకు పనికొచ్చింది నీకు అచ్చంగా పనికిరాదు, నీ నీళ్ళు నువ్వు కొలుచుకోవాల్సిందే. పైపు నీళ్ళు ఒక సీసాలో పట్టి ఈ వారమే కొలువు.

కొలవడానికి కాగితపు స్ట్రిప్పులు వద్దు, వాటితో హార్డ్‌నెస్ సరిగ్గా తేలదు. టేలర్ కె-2006 కిట్ కొను. నాకు ఇప్పుడు పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆ గాజు గొట్టమే చేతికి వస్తుంది. ఆల్కలినిటీకి 25 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని రంగు మందు వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. తర్వాత చుక్క వేస్తూ గుండ్రంగా తిప్పాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది... ఒక్కో చుక్కకీ ఆకుపచ్చ చెదిరి మళ్ళీ వస్తుంది. ఉన్నట్టుండి ఒక చుక్కకి మొత్తం ఎర్రగా అయిపోతుంది. చుక్కల లెక్కని పదితో హెచ్చిస్తే అదే ఆల్కలినిటీ. హార్డ్‌నెస్‌కైతే ఎరుపు నుంచి నీలానికి మారుతుంది. ఎండలో కాదు, నీడలో నిలబడి చూడు, లేకపోతే రంగు మోసం చేస్తుంది.

నింపే రోజున పైపు మూతికి పాత తువ్వాలు చుట్టి, బాగా లోతున్న చోట పెట్టు. నీళ్ళ ధార నేరుగా తగిలితే పచ్చి ప్లాస్టర్ గుంట పడుతుంది. ఒకసారి మొదలుపెడితే టైల్స్ సగం మునిగేదాకా ఆపకూడదు, రాత్రైనా సరే. మధ్యలో ఆపితే ఆ మట్టం దగ్గర గీత పడిపోతుంది, తర్వాత ఎంత రుద్దినా పోదు. నిండేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు, మీ కుక్కని కూడా లోపలే కట్టేసి ఉంచు. నిండగానే పంపు వేసి, మొదటి రోజుల్లో రాత్రీ పగలూ తిరగనీ.

పోయిన ఏడాది మా వీధి చివర ఇంట్లో ప్లాస్టర్ వేయించుకుంటుంటే, నా పూల్ చూపించి, నేనే దగ్గరుండి నీళ్ళు సరిచేశాను. ఆ ఇంటికీ 15,000 గ్యాలన్లే, మా ఇద్దరిదీ ఒకటే నీళ్ళు. ఈసారి మొదట్లోనే వంటసోడా కరిగించి ఆల్కలినిటీ 80 నుంచి 200 పైకి తెచ్చాం. పాతిక పౌండ్లకు పైనే పట్టింది. బకెట్లలో ముందే కరిగించి పోశాం, గుప్పెళ్ళతో చల్లలేదు. ఆ నీళ్ళు పాలవలె అవ్వలేదు రా! రెండో రోజు బ్రష్ పెడితే గోడ మీంచి పల్చటి పొగలాంటిది లేచింది, అంతే. నాలుగు వారాల తర్వాత మెట్టు మీద అరచెయ్యి పెట్టి చూశాను, కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంది. ఆ తర్వాత నెమ్మదిగా యాసిడ్‌తో ఆల్కలినిటీని 100కి దించాం. మీ వాళ్ళని ఈ పద్ధతి గురించి ముందే అడుగు. వాళ్ళ వారంటీ కాగితంలో ఏ పద్ధతి రాశారో చూసి, ఒప్పుకుంటేనే చెయ్యి. మీ నీళ్ళలో ఆల్కలినిటీ ఇప్పటికే ఎక్కువ కాబట్టి నీకు సోడా అంత పట్టదు.

ఇక యాసిడ్. పీహెచ్ 7.8 దాటినప్పుడల్లా కొంచెం కొంచెంగా వెయ్యాలి. నీ పూల్ కూడా దాదాపు నా అంతే కాబట్టి ఒక్కసారికి పావు గ్యాలన్ మించకు, దాంతో ఆల్కలినిటీ ఎనిమిది పీపీఎం (పది లక్షల్లో ఎనిమిది వంతులు) దాకా తగ్గుతుంది. ముందు బకెట్ నిండా పూల్ నీళ్ళు పట్టి, అందులో యాసిడ్ పొయ్యి. యాసిడ్‌లో నీళ్ళు మాత్రం ఎప్పుడూ పొయ్యకు, ఎగజిమ్ముతుంది. పంపు తిరుగుతుండగా అంచు వెంట నడుస్తూ పోయాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకు. గరాజ్‌లో క్లోరిన్ పక్కన యాసిడ్ పెట్టొద్దు. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

బ్రష్ నైలాన్‌ది కొను, స్టీలుది వద్దు. రెండు వారాలు పొద్దునా సాయంత్రం, మొత్తం పూల్, మెట్లూ మూలలూ వదలకుండా. గోడల నుంచి మొదలుపెట్టి అడుగున డ్రైన్ వైపు తోసుకుంటూ రా. ఫిల్టర్ ప్రెషర్ పెరిగితే వెంటనే కడుగు, ఆ పొడి అంతా అక్కడికే చేరుతుంది. ఈ రెండు వారాలు ఏ పెళ్ళి వచ్చినా ఊరు వదలకు. తప్పదంటే డబ్బులిచ్చి అయినా ఒక మనిషిని పెట్టుకో.

మొదటి మూడు రోజులు క్లోరిన్ వద్దు. తర్వాత ద్రవ క్లోరిన్ కొద్దికొద్దిగా వెయ్యి. క్లోరిన్ బిళ్ళలు వేసి నీళ్ళ మీద తేలనిచ్చే ఫ్లోటర్‌ని మాత్రం దగ్గరికి రానివ్వకు. ఆ బిళ్ళలు పులుపు సరుకు, ఒక మూలకి చేరి ఆగిపోతే అక్కడి ప్లాస్టర్ తినేసి రంగు మార్చేస్తాయి. నువ్వు ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే ఉప్పు సిస్టమ్ పెట్టిస్తున్నానన్నావు కదా, 28 రోజులూ ఒక్క గింజ ఉప్పు కూడా పడకూడదు. చక్రాల క్లీనర్, హీటర్ కూడా నెల తర్వాతే. పిల్లలు అడుగుతారు, పాపం వాళ్ళకి నీళ్ళు కనిపిస్తుంటే మనసాగదు. పొడి పూర్తిగా పోయి, పీహెచ్, క్లోరిన్ కుదిరాకే దించు.

తర్వాత రోజుల్లో నీకుండే బెడద వేరు. అక్కడి పొడిగాలికి నీళ్ళు ఆవిరైపోతుంటాయి, క్యాల్షియం మాత్రం పోదు. మళ్ళీ గట్టి నీళ్ళే పోస్తావు. హార్డ్‌నెస్ నెలనెలా ఎక్కుతూనే ఉంటుంది. అందుకే నెలకోసారైనా కొలిచి ఒక నోట్‌బుక్‌లో రాసుకో, పీహెచ్ 7.5 దగ్గర పట్టుకో.

చాలా రాశాను, చెయ్యి నొప్పెడుతోంది. కిట్ వచ్చాక మీ పైపు నీళ్ళ పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ మూడు అంకెలూ ఫోటో తీసి పంపు, సోడా ఎన్ని పౌండ్లో నేను లెక్కకట్టి చెబుతాను. నింపే తేదీ ఖాయమైతే వారం ముందు చెప్పు, ఆ శనివారం విమానం ఎక్కి వచ్చేస్తాను. మొదటి రెండు రోజులు బ్రష్ నేను పడతాను. చెల్లెమ్మని గోంగూర పచ్చడి పెట్టమను.

నీ
రాంబాబు
ఫ్రిస్కో, టెక్సస్