మోనజైట్ అంటే ఒంటరి, నల్ల ఇసుక కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా శ్రీకాకుళం తీరం ఇసుక గురించి వార్త వచ్చినప్పుడల్లా అందులోని ఖనిజానికి రోజుకో పేరు చదువుతున్నాం. ఒకరోజు మోనోజైట్, ఇంకోరోజు మొనాజైట్, మరోరోజు మోనజైట్, ఏదీ తోచకపోతే థోరియం ఇసుక (థోరియం అంటే అణు ఇంధనానికి పనికొచ్చే లోహం). మీ పత్రికని కూడా కలిపే అంటున్నాను, ఏమీ అనుకోకండి, హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ని, పేరు తప్పు రాస్తే అర మార్కు కోసే అలవాటు ఇంకా పోలేదు.

స్పెల్లింగు గొడవ ఒక్కటే అయితే ఉత్తరం దాకా వచ్చేవాణ్ని కాదు. మొన్న కళింగపట్నం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన పేపరు చూపించి, "మాస్టారూ, మోనో అంటే ఒకటి కదేటండి, మరి రెండోది ఎక్కడుంది?" అనడిగాడు. నవ్వేశాను గానీ, ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన మరీ తప్పేమీ అడగలేదు. 1829లో బ్రైట్‌హాప్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. గ్రీకులో 'మోనజైన్' అంటే ఒంటరిగా ఉండటం, అప్పట్లో దొరికిన స్ఫటికాలు ఎక్కడో ఒకటి చొప్పున విడిగా ఉండేవి కాబట్టి ఆ పేరు. మోనో కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. మనకి ఒంటి నుంచి ఒంటరి రాలేదా, అలాగే.

ఇంకో తమాషా. ఆ స్ఫటికాలు రష్యాలోని ఇల్మెన్ కొండలవి, మన ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ అనే ఖనిజానికి ఆ కొండల పేరే పెట్టారు. అక్కడ పేరు తెచ్చుకున్న రెండూ మా ఒడ్డున ఒకే గుప్పెట్లోకి వస్తున్నాయి. తూర్పు కనుమల రాళ్లు అరిగి, వంశధార, నాగావళి మోసుకొచ్చి సముద్రంలో పోస్తే, అలలు తేలిక ఇసుకని లాక్కుపోయి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తాయి.

అసలు గందరగోళం ఇక్కడే. మా ఊళ్లో నల్ల ఇసుక కనిపిస్తే చాలు, "అదిగో థోరియం" అంటారు. నేనూ మనవడూ ఒక పళ్లెంలో గుప్పెడు ఇసుక పోసి, పాడైపోయిన స్పీకర్ అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తిప్పాం. నల్ల రేణువులు మీసాల్లా లేచి అంటుకున్నాయి. అవి ఇనుము ఉన్న ఖనిజాలు, థోరియం కాదు. మోనజైట్ తేనె రంగులోనో ఎర్రటి గోధుమ రంగులోనో ఉంటుంది, బరువైన ఖనిజాలన్నింటిలో దాని పాలు చాలా తక్కువ. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, అందుకే 1962 అణుశక్తి చట్టం కాలం నుంచే ప్రభుత్వం దాని మీద కన్నేసి ఉంచింది. మిగతాదంతా ఎక్కువగా సీరియం, లాంథనం, నియోడైమియం లాంటి లోహాల ఫాస్ఫేటే. వీటిలో ఏది ఎక్కువుంటే దాని పేరు తోకలా తగిలించి మోనజైట్-సీరియం, మోనజైట్-లాంథనం అని రాయడం శాస్త్రవేత్తల పద్ధతి. ఇదంతా చెబితే మా వల ఆయన, "ఒంటరోడు ఇంతమందిని ఎంటేసుకుని తిరుగుతున్నాడేటండి!" అన్నాడు.

ఇక ఈ సీరియం, లాంథనం లాంటివాటిని కలిపి పిలిచే 'రేర్ ఎర్త్'ని అరుదైన భూమి అని తెలుగు చేసేవారికి దండం. పాత రసాయన శాస్త్రంలో 'ఎర్త్' అంటే ఆక్సైడ్ పొడి, పొలం కాదు. అరుదు అన్నమాటా పూర్తిగా నిజం కాదు, భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి అంత ఉంది. 'అరుదైన భూమి' అన్న మాట పేపర్లో పడ్డ దగ్గర్నుంచి మా వాళ్లు సెంటు రేటు లెక్కలేస్తున్నారు.

కొన్నేళ్ల కిందట ఇసుక తవ్వకాల మీద ప్రజాభిప్రాయ సేకరణకి ముందు మా వీధిలో పంచిన కాగితం ఇంకా దాచుకున్నాను. తవ్వకాల వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్ చెప్పింది, ఇచ్చారు కూడా. 'మోనజైట్ కాన్సంట్రేట్', 'టైలింగ్స్', 'బ్యాక్‌ఫిల్లింగ్'... అక్షరాలు తెలుగువి, భాష ఎవరిదో మరి. సభలో చెయ్యెత్తినవాళ్లలో సగం మందికి దేనికి ఎత్తుతున్నారో తెలియదని నా అనుమానం. బ్యాక్‌ఫిల్లింగ్ బదులు గోతిని తిరిగి ఇసుకతో పూడ్చడం అని రాస్తే సిరా ఎక్కువ ఖర్చవుతుందా?

అందుకని అడిగేది ఇంతే. మీరు మోనజైట్ అనే ఒక్క రాతకే కట్టుబడండి, మొదటిసారి వచ్చినచోట 'థోరియం కొద్దిగా ఉండే ఫాస్ఫేట్ ఖనిజం' అని పక్కన నాలుగు ముక్కలు వేయండి, నల్ల ఇసుక ఫొటో కింద థోరియం అని రాయకండి. ఈసారి ఇసుక తవ్వకాల మీద ఏదైనా ప్రకటన మీ దగ్గరికి వస్తే, వేసే ముందు మీ డెస్కులో ఎవరో ఒకరు అది తెలుగేనా అని చూసి, కాకపోతే వెనక్కి పంపండి.

- ఒక విశ్రాంత సైన్స్ మాస్టారు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా