పాడ్యమి నాటి లెక్కల పుస్తకం

సంపాదకుడు గారికి,

నమస్కారం.

కిందటి వారం మీ పత్రికలో ఇదే ఉత్తరాల శీర్షికలో మా ఊరి పెద్దమనిషి ఒకరు రాసిన ఉత్తరం చదివాను. విజయనగరంలో ఇళ్ళలో సంగీతం చెప్పేవాళ్ళంతా సంఘం కట్టి, కూడబలుక్కుని ఈ జూన్‌లో ఒకేసారి ఫీజులు పెంచేశారని ఆయన ఆరోపణ. ఆ సంఘానికి తొమ్మిదేళ్ళుగా నేను కోశాధికారిని. ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో వీణ చెబుతున్నాను. జవాబు నేనే రాయాలని మావాళ్ళందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. అంటే రాయడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదని అర్థం.

ముందు ఫీజు సంగతి. మా తీర్మానాల పుస్తకం మొదటి పేజీలోనే “ఎవరి ఫీజు వారిదే, దాని మీద సంఘంలో చర్చ లేదు” అని ఉంది. మంచితనం కొద్దీ రాసుకున్న మాట కాదది. ఆ రోజు ఎవరైనా ఫీజుల ఊసెత్తి ఉంటే సంఘం పుట్టిన సాయంత్రమే పోయేది. మాలో నెలకు ఐదు వందలకు చెప్పేవారున్నారు, పదిహేను వందలు తీసుకునేవారున్నారు. నాది ఎనిమిది వందలు. పదిహేను వందల వారిని చూసి నాకు కొంచెం కుళ్ళు ఉన్న మాట నిజమే కానీ, అది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కలేదు. మరి అందరూ జూన్‌లోనే ఎందుకు పెంచారు? బడులు తెరిచేది జూన్‌లో. పిల్లల వేళలు మారేది, కొత్తవాళ్ళు చేరేది, పదో తరగతి వచ్చిందని పాతవాళ్ళు మానేసేది అప్పుడే. మామిడిపళ్ళన్నీ వేసవిలోనే పండాయని తోటల వాళ్ళ మీద కుట్ర కేసు పెట్టరు కదా.

ఇక సంఘం ఏం చేస్తుందో చెబుతాను. 2001 నాటి రాష్ట్ర సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు, సంఘం పెట్టుకోవచ్చు. 2014లో మాకు ఆ ఏడుగురిని కూర్చడానికే ఎనిమిది నెలలు పట్టింది. ముందుగదిలో చాప పరుచుకుని ఒంటరిగా పాఠం చెప్పుకునేవారికి పక్క వీధి టీచరు తోటి మనిషిగా కనిపించదు. మన పిల్లల్ని ఎత్తుకుపోయే గద్దలా కనిపిస్తుంది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది మందిమి ఉన్నాం. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, వేణువు, ఇంకా రెండేళ్ళుగా కీబోర్డు, గిటారు కూడా. ఆ కథ తరువాత చెబుతాను.

నెలకోసారి, అమావాస్య వెళ్ళిన పాడ్యమి సాయంత్రం, అయ్యకోనేరు గట్టు దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లో కలుస్తాం. పాడ్యమే ఎందుకంటే, మాలో సగం మంది ఆ రోజు పాఠం చెప్పరు. సుందరకాండలో చిక్కిపోయిన సీతమ్మను పాడ్యమి నాడు చదివేవాడి విద్యతో పోలుస్తాడు హనుమంతుడు. ఆ పోలిక మా పెద్దవాళ్ళకు చట్టం కన్నా ఎక్కువ. నమ్మకం లేని చిన్నవాళ్ళకు కూడా నెలకో సాయంత్రం సెలవు దొరుకుతుంది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆదివారం పెట్టుకుందామని మొదట్లో ప్రయత్నించాం. సంగీతం టీచరుకు ఆదివారం ఖాళీగా ఉంటుందనుకోవడం పూజారికి శనివారం తీరిక అనుకోవడం లాంటిది.

మా సమావేశాల్లో అసలు పని “మారిన పిల్లల పుస్తకం”. ఒక టీచరు దగ్గర మానేసి ఇంకో టీచరు దగ్గర చేరిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడి పేరూ అందులో ఉంటుంది. నిబంధనలు నాలుగు ముక్కలే. కొత్తగా చేర్చుకునే టీచరు పాత టీచరుకు ఫోను చేసి చెప్పాలి. పాత బకాయి ఉంటే తల్లిదండ్రులు తీర్చాక చేర్చుకోవాలి. నేర్చుకున్నదంతా కొట్టేసి మళ్ళీ మొదటి పాఠాలైన సరళీ వరుసల నుంచి మొదలుపెట్టించకూడదు. నాలుగోది నేను పట్టుబట్టి రాయించాను: పిల్లల ముందు “ఎవరు నేర్పారమ్మా ఇలా?” అని అడగరాదు.

నవ్వకండి. ఈ ఒక్క ప్రశ్న మా ఊళ్ళో ఎన్ని స్నేహాలను తెంచిందో నాకు తెలుసు. అందులో నావి రెండు. తొమ్మిదేళ్ళ పిల్ల మొదటి పాఠాలన్నీ దాటి వర్ణం దాకా వచ్చి నా దగ్గర చేరింది. కుడిచేతి మీటు బరువుగా ఉంది, తాళం వేయడానికి పక్కన ఉండే తీగలను అవసరం లేని చోట కూడా మోగిస్తోంది. ఆ ప్రశ్న నా నోట అనుకోకుండా వచ్చేసింది. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి చెప్పింది, వాళ్ళమ్మ ఇంకొకరికి చెప్పింది, మూడో రోజుకు పాత టీచరుకు చేరింది. ఆవిడ నాతో నాలుగేళ్ళు మాట్లాడలేదు. పైగా ఆ పిల్ల చేతిలో తప్పు ఏమీ లేదు. ఆవిడ బాణీ వేరు, నా బాణీ వేరు, అంతే. పాఠాంతరం, అంటే పాట నేర్చుకున్న తీరు, వేరైతే తప్పు అనడం సంగీతం చెప్పేవాళ్ళకు పుట్టుకతో వచ్చే జబ్బు.

1919లో మా ఊళ్ళో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు, అందులో విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని, కళాశాల మొదటి అధ్యక్షులు, హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయనను ఏకంగా ఆచార్యుడిగా పెట్టించారని ఇక్కడ చిన్న పిల్లలు కూడా చెబుతారు. వచ్చినవాడి చేతిలో ఏముందో ముందు విన్నారు. ఎవరు నేర్పారని కాదు. ఈ మాట సమావేశంలో అంటే అందరూ తలలూపారు. తలలూపిన వారిలో ఇద్దరు ఆ నెలలోనే నిబంధన తప్పారు. పుస్తకంలో ఉంది.

పుష్య బహుళ పంచమికి త్యాగరాజ స్వామి ఆరాధన చేస్తాం. ఆయన పంచరత్న కీర్తనలు ఐదూ అందరూ కలిసి పాడాలి కాబట్టి నెల ముందు నుంచి సాధన. ఆడవాళ్ళ శ్రుతి ఒకటి, మగవాళ్ళది ఒకటి. చివరికి ఎవరికీ పూర్తిగా నచ్చని శ్రుతి దగ్గర ఆగుతాం. ఆ ఐదింటిలో వరాళి రాగ కీర్తన దగ్గర ఇంకో చిక్కు. వరాళి రాగం గురువు ఎదురుగా కూర్చుని చెబితే గురుశిష్యులకు చెడుతుందని పాత నమ్మకం. సాధనలో తప్పులు దిద్దేది ఎలా మరి? మధ్యలో ఫోను పెట్టి ఒక విద్వాంసుల పాట వినిపిస్తాం, ఫోనుకు అందరం శిష్యులం అవుతాం. ఫోనుతో ఎవరికైనా చెడిందంటే సంతోషించే ఇల్లాళ్ళు మాలో చాలామంది ఉన్నారు.

పిల్లల కార్యక్రమం ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం వెళ్ళాకే. టీచరుకు పది నిమిషాలు. వరుస చీటీలు తీసి నిర్ణయిస్తాం, ఎందుకంటే మొదట ఎవరూ పాడించరు, మైకు సర్దుబాటు కాదని భయం. చివర ఎవరూ పాడించరు, జనం ఉండరని భయం. తమ పిల్ల పాట అవగానే తల్లిదండ్రులు పట్టుపరికిణీ పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోవడం ఈ ఊరి ఆచారం. దానికి మందు కనిపెట్టాం. ప్రశంసాపత్రాలు మంగళం పాడాకే ఇస్తాం. రెండో మందు ఉపన్యాసాలకు. ఒకసారి ఒక దాత వెయ్యి రూపాయలిచ్చి నలభై నిమిషాలు మాట్లాడారు. శ్రుతి చేసిన వీణలు నాలుగూ దిగిపోయాయి, ఇద్దరు పిల్లలు నిద్రపోయారు. అప్పటి నుంచి ఎవరికైనా ఐదు నిమిషాలే, శాలువాలు లేవు. శాలువాలు మానేశాక దాతలు తగ్గారు. నిజం చెప్పాలంటే నాకు బాధ లేదు.

కీబోర్డు కథ చెబుతానన్నాను. రెండేళ్ళ కిందట నలుగురు కీబోర్డు, గిటారు టీచర్లు సభ్యత్వం అడిగారు. మూడు పాడ్యములు దాని మీదే వాదన జరిగింది. చివరికి చేతులెత్తి తేల్చాం, చేర్చుకోవాలని ఇరవై ఒకటి, వద్దని పదమూడు. ఆ పదమూడులో నా చెయ్యి ఒకటి. కీబోర్డు మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరదని ఇప్పటికీ అంటాను, వారిలో కీబోర్డు చెప్పే అబ్బాయి ముందే అంటాను. కానీ కార్యక్రమానికి మైకుసెట్టు అద్దె తగ్గింది ఆ అబ్బాయి వల్ల, నా లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కింది ఆ అబ్బాయి వల్ల. నా కూడికలో పద్దెనిమిది వందల తేడా కనిపెట్టిందీ ఆ అబ్బాయే. తేడా సంఘానికి లాభం వైపే ఉంది, దయచేసి ఇంకో ఉత్తరం రాయకండి.

అధ్యక్ష పదవికి మాలో ఎప్పుడూ పోటీ ఉంటుంది, వేదిక మీద కూర్చోవచ్చు. కార్యదర్శి పదవికి ఎవరూ రారు. హాలుకు దరఖాస్తు, బ్యాంకు సంతకాలు, ఏటా రిజిస్ట్రారుకు కార్యవర్గం జాబితా, మృదంగం వారిని బతిమాలుకోవడం, అన్నీ కార్యదర్శి నెత్తి మీదే. అందుకని అక్షరమాల వరుసలో రెండేళ్ళకొకరు అని పెట్టాం. పేరు ‘అ’తో మొదలయ్యేవారు ఇప్పటికీ తమ తల్లిదండ్రులను తప్పుపడుతున్నారు. సంఘం గట్టిగా నిలవదని లోలోపల నమ్మిన ‘స’ వాళ్ళు, ‘హ’ వాళ్ళు మాత్రం ఆ రోజు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు డబ్బు. ఏడాదికి చందా ఆరు వందలు. అందులో నాలుగు వందలు హాలుకు, మైకుకు, పక్కవాద్యాల వారికి, పత్రాలకు. ఏటా వేసవిలో బొబ్బిలి వైపు నుంచి వీణల కళాకారుడిని పిలిపించి, ఊళ్ళో మెట్లు కదిలిన వీణలన్నీ ఒకే ఇంట్లో చేర్చి బాగు చేయిస్తాం. ఆయన రానుపోను ఖర్చు కూడా ఇందులోనే. పాత మైనం తీసి, కొత్తది పోసి, ఇరవై నాలుగు మెట్లూ చెవితో విని అమర్చాలి. ఒక్కో వీణ ఆయన దగ్గరికి మోసుకెళ్ళడం కన్నా ఆయన ఒక్కరు రావడం నయం.

మిగిలిన రెండు వందలు ఆపద నిధి. ఆ పెద్దమనిషి చదవాలని నేను కోరుకునేది ఈ ముక్క. మాకు పింఛను లేదు, సెలవు జీతం లేదు, గొంతు పోతే రేపటి నుంచి ఇంట్లో పొయ్యి మాత్రమే ఉంటుంది, దాని మీద పెట్టడానికి ఏమీ ఉండదు. 2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చి పాఠాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫోనులో చెప్పబోతే మాట అక్కడికి చేరేసరికి తాళం దాటిపోయేది, కలిసి పాడటం కుదరదు, పిల్ల పాడి ఆగితే మేము పాడాలి. సగం మంది తల్లిదండ్రులు దాన్ని పాఠం అనుకోలేదు, ఫీజు పంపలేదు. అప్పుడు ఆ నిధి నుంచి పదకొండు మందికి మూడేసి వేల చొప్పున ఇచ్చాం. మొత్తం ముప్ఫై మూడు వేలు. మా దగ్గర ఉన్నది దాదాపు అంతే.

తీర్మానంలో ఆ పదకొండు మంది పేర్లు లేవు, ఒకటి నుంచి పదకొండు వరకు అంకెలు ఉన్నాయి. ఏ అంకె ఎవరో నాకు తెలుసు. రసీదులు మాత్రం ఇద్దరు సభ్యులు మా ఇంటికి వచ్చి చూసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట సంతకాలు చేశారు. ఆ కవరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పాడ్యమి సమావేశంలో ఎవరు ఎవరి మీద విరుచుకుపడుతున్నా, పదకొండులో ఎవరున్నారో ఆ ఇద్దరికి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలుసు కాబట్టి నేను మధ్యలో నోరు మూసుకుని కూర్చుంటాను. కోశాధికారి పనిలో బరువైనది అదే, కూడికలు కావు.

పెద్దమనిషి ఉత్తరంలో ఒక్క మాట మాత్రం న్యాయం. పిల్లవాడికి జ్వరం వచ్చి పది రోజులు రాకపోయినా నెల మొత్తానికి ఫీజు తీసుకున్నారని రాశారు. ఆ నిబంధన మా అందరిదీ, దాచను. నెల ఫీజు నెలకే, తరగతుల లెక్క లేదు. పిల్ల రాకపోయినా ఆ గంట మేము శ్రుతి చేసుకుని ఎదురుచూస్తూనే ఉంటాం, ఆ గంటలో ఇంకొకరిని కూర్చోబెట్టలేం. టీచరు రాకపోతే మాత్రం ఇంకో రోజు చెప్పి తీరాలి. పెళ్ళికి వెళ్ళారు, సినిమాకు వెళ్ళారు, పరీక్షలున్నాయి అన్న వాటికి ఈ నిబంధన లేకపోతే మా నెల సగం ఎగిరిపోతుంది. కానీ జ్వరం వేరు. మంచాన పడిన పిల్లవాడికి మానిన తరగతులు తరువాత చెప్పాలని వచ్చే పాడ్యమికి నేను ప్రతిపాదన పెడుతున్నాను. నెగ్గుతుందని చెప్పలేను. నా లెక్క ప్రకారం పదిహేడు చేతులు లేస్తాయి, ఇంకో మూడు కావాలి.

నా పేరు వేయకండి. వేస్తే ఎనిమిది వందలు అన్న మాట చదివి, ఏడు వందలకు చెబుతారా అని రేపటి నుంచి ఫోనులు మొదలవుతాయి. ఆ పెద్దమనిషి మాత్రం వచ్చే పాడ్యమి సాయంత్రం ఐదింటికి అయ్యకోనేరు గట్టు దగ్గరికి రావచ్చు. లెక్కల పుస్తకం బల్ల మీదే ఉంటుంది, కవరు తప్ప అన్నీ చూడవచ్చు. టీ ఇస్తాం. మారిన పిల్లల పుస్తకంలో వారి అబ్బాయి పేరు, పాత బకాయి ఉన్నాయి, అయినా ఆ రోజు దాని గురించి అడగం.

ఇట్లు,
ఒక వీణ టీచరు,
విజయనగరం