పక్షవాతం వస్తే ఏ ఆసుపత్రికి పోవాలో ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అక్టోబర్ 29న వరల్డ్ స్ట్రోక్ డే (స్ట్రోక్ అంటే పక్షవాతం) అని మన జిల్లా ఎడిషన్లో ఒక ర్యాలీ ఫోటో వేశారు, పిల్లలు బ్యానర్ పట్టుకుని నడుస్తున్నారు, కింద నాలుగు లైన్లు, మూతి వంకర పోయినా చెయ్యి పడిపోయినా మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని. వేసినందుకు థాంక్స్ అండి. కానీ ఏ ఆసుపత్రికి అనేది అందులో లేదు, మా ఇంట్లో దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదే అవుద్ది, మధ్యలో ఎక్కడ కట్ చేసినా పర్లేదు గానీ చివర్లో నేను అడిగింది మాత్రం ఉంచండి.

నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె, ఒంగోలుకి 60 కిలోమీటర్లు ఉంటుంది. నాన్న పొగాకు రైతు. పోయిన ఏడాది పొగాకు ఎండబెట్టే బ్యారన్ కాల్చే రోజుల్లో ఒక పొద్దున 6 దాటి పది నిమిషాలకి గేదె పాలు తీసి వస్తా ఉంటే క్యాన్ చేతిలోంచి జారిపోయింది. అమ్మ ఏమైందయ్యా అని అడిగితే సమాధానం చెప్పబోయాడంట, మాట ముద్ద ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకి లాగేసింది, కుడి చెయ్యి పైకి లేవట్లేదు. టైం ఎంతో అమ్మకి కచ్చితంగా తెలుసు ఎందుకంటే అప్పుడే పాల కేంద్రం మైకులో పిలుస్తున్నారంట. ఆ టైం తెలిసుండటం ఎంత పెద్ద విషయమో మాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో టైంతో సహా రాస్తాను. 6.40కి ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చారు, బీపీ చూస్తే 190 ఉంది, నాలుక కింద బీపీ బిళ్ళ పెట్టి సెలైన్ ఎక్కించారు. ఆయన మీద నాకు కోపం లేదు, అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి, తెలిసింది చేశారు. నీరసంగా ఉన్నాడని మా బాబాయి కాఫీ తాగించాడు, పొలమారి తెగ దగ్గాడు. ఇంకొకాయన పావురం రక్తం రాస్తే వాతం దిగిపోద్ది, ఎవరో ఒకళ్ళు పోయి పట్టుకురండి అంటాడు. ఇవన్నీ అయ్యి కారు కదిలేసరికి 7.45. దగ్గర టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి 8.30కి చేరాం, అక్కడ ఈసీజీ తీశారు షుగర్ చూశారు బెడ్ ఇచ్చారు, సీటీ స్కాన్ మాత్రం లేదు, ఆ ముక్క మాకు చెప్పింది గంటంపావు తర్వాత. ఇంకో చోటికి పొమ్మన్నారు, 10.15కి పోయాం, అక్కడ స్కానింగ్ మిషన్ ఉంది కానీ తీసే మనిషి 11కి వస్తాడంట. వచ్చాడు, తీశాడు, బ్లీడింగ్ లేదమ్మా క్లాట్, అంటే రక్తం గడ్డ అన్నారు, కానీ ఆ క్లాట్ కరిగించే ఇంజెక్షన్ మా దగ్గర ఉండదు ఒంగోలు పోండి అన్నారు. ఒంగోల్లో స్ట్రెచర్ ఎక్కించేసరికి 12.30.

అక్కడ డాక్టర్ గారు మొట్టమొదట అడిగింది బీపీ గురించి కాదు షుగర్ గురించి కాదు. "ఆయన బాగా ఉండగా ఆఖరిసారి ఎన్నింటికి చూశారమ్మా?" అని అడిగారు. 6.10 అని అమ్మ చెప్పగానే ఆయన గోడ గడియారం వైపు చూశారు. ఆ ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు చెయ్యాలమ్మా, దాటిపోయింది అన్నారు. 10.40కే అయిపోయింది మా టైం, అప్పటికి మేం స్కానింగ్ తీసే అతని కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నాం.

రాత్రి ఐసీయూ బయట కూర్చుని లెక్క వేశాను నేను. 6.20కి కారెక్కించి నేరుగా ఒంగోలు పోయుంటే గంటంపావు, అంటే 7.35. స్కానింగూ బ్లడ్ టెస్టూ అన్నీ కలిపి ఇంకో గంట వేసుకున్నా 8.35కి నాన్న ఒంట్లో మందు ఉండేది. మేం ఆలస్యంగా బయల్దేరాం నిజమే, కానీ బయల్దేరిన తర్వాత పోయిన టైం దానికి మూడింతలు. ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు, పొద్దున్నించి పరిగెత్తుతానే ఉన్నాం, అవసరం లేని తలుపులన్నీ కొట్టుకుంటా పరిగెత్తాం.

నేను డాక్టర్ని కాదు. కానీ ఆ రోజు నుంచి ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను, కనపడిన ప్రతి డాక్టర్నీ అడిగాను. పక్షవాతం పదిమందికి వస్తే దాదాపు ఎనిమిది మందికి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డం పడటం వల్లే వస్తుంది, మిగతా వాళ్ళకి నాళం చిట్లి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మూతి చూసి చెయ్యి చూసి ఏదో ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేడు, సీటీ తీస్తేనే తెలుస్తుంది. చిట్లిన వాళ్ళకి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు, అందుకే సీటీ లేని చోట ఎవరూ ఆ ఇంజెక్షన్ ముట్టుకోరు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేసేయడం కూడా అందుకే తప్పు. బీపీ బిళ్ళ పెట్టడం కూడా తప్పేనంట, నాళం మూసుకుపోయినప్పుడు మెదడుకి అందే ఆ కాస్త రక్తాన్నీ బీపీయే తోస్తా ఉంటుంది, టక్కున దించేస్తే అదీ ఆగిపోతుంది, ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 కిందకి తేవాలి గానీ అది ఆసుపత్రిలో మెల్లగా చేసే పని. కాఫీ సంగతైతే చెప్పక్కర్లేదు, మింగే కండరాలు పనిచెయ్యని మనిషికి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాన్నకి నిమోనియా వచ్చి 11 రోజులు ఐసీయూలో ఉన్నాడు, ఆ ఒక్క గ్లాసు కాఫీయే కారణమని రుజువు చెయ్యలేను గానీ బాబాయి ఇప్పటికీ మా ఇంటికొస్తే కాఫీ ముట్టుకోడు.

గడ్డ అడ్డం పడ్డ తర్వాత నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయంట. గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ అనే మందు ఈ జబ్బుకి పనిచేస్తుందని 1995లోనే అమెరికాలో ట్రయల్ చేసి చూపించారు, అప్పట్లో 3 గంటల లోపు అనేవాళ్ళు, 2008లో యూరప్ ట్రయల్ తర్వాత నాలుగున్నర గంటల దాకా పెరిగింది. ఇప్పుడు టెనెక్టెప్లేస్ అని అలాంటిదే ఇంకో మందు వచ్చింది, గంట సేపు ఎక్కించే పని లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోతుంది, బరువుని బట్టి డోసు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఇదేం మంత్రం కాదు. ఆ 1995 ట్రయల్లో మందు తీసుకున్న వాళ్ళలో మూడు నెలలకి దాదాపు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నది 100కి 39 మంది, మందు ఇవ్వని వాళ్ళలో 26. మెదడులో బ్లీడింగ్ అయ్యి పరిస్థితి ఇంకా పాడైన వాళ్ళు మందు తీసుకున్న వాళ్ళలో 100కి 6 మందికి పైనే, ఇవ్వని వాళ్ళలో ఒక్కరు కూడా లేనట్టే. అందుకే డాక్టర్లు సంతకం పెట్టమంటారు, అది చూసి మనవాళ్ళు భయపడి ఊళ్ళో పెద్దమనిషికి ఫోన్ చేసి అడుగుతా ఇంకో అరగంట పోగొడతారు. కానీ అంత రిస్కు ఉన్నా చనిపోయిన వాళ్ళ లెక్క మందు వల్ల పెరగలేదు, లేచి తిరిగే వాళ్ళు పెరిగారు. అదీ ఎంత ముందు ఇస్తే అంత లాభం, మొదటి గంటన్నరలో ఇచ్చినదానికీ నాలుగో గంటలో ఇచ్చినదానికీ చాలా తేడా. నాలుగున్నర గంటలు ఉందిలే అని టిఫిన్ చేసి బయల్దేరే టైం కాదు అది.

పెద్ద నాళం మూసుకుపోతే ఇంకో పద్ధతి ఉంది, తొడ దగ్గర నుంచి సన్నటి ట్యూబు పంపి మెదడు దాకా పోయి గడ్డని బయటికి లాగేస్తారు, థ్రాంబెక్టమీ అంటారు. 2015లో ఒకే ఏడాది ఐదు ట్రయల్స్ ఇది పనిచేస్తుందని తేల్చాయి. మామూలుగా 6 గంటల లోపు, కానీ స్కాన్‌లో ఇంకా బతికున్న భాగం కనపడితే 24 గంటల దాకా కూడా చెయ్యొచ్చని 2018లో వచ్చిన డాన్ ట్రయల్ చూపించింది, అందులో లేటుగా వచ్చినా ఇది చేసిన వాళ్ళలో 100కి 49 మంది మూడు నెలలకి తమ పని తాము చేసుకున్నారు, చెయ్యని వాళ్ళలో 13 మందే. అందుకని నిద్రలో వచ్చింది టైం తెలీదు, లేదా లేటైపోయిందిలే అని ఎవరూ ఇంట్లో ఆగిపోవద్దు. నాన్నకీ అడిగాం. గుంటూరు పంపించే ఆలోచన చేసి మళ్ళీ స్కాన్ చేశారు, కాపాడటానికి అప్పటికే పెద్దగా మిగల్లేదన్నారు.

ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తాడు. కుడి చెయ్యి పనిచెయ్యదు. మాట పోయింది, "అమ్మా" అన్న ఒక్క మాట మిగిలింది. మంచినీళ్ళు కావాలన్నా అమ్మా, కోపం వచ్చినా అమ్మా, మా అబ్బాయిని దగ్గరికి పిలవాలన్నా అమ్మా. మనం మాట్లాడేది మొత్తం అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది రాదు, అప్పుడు ఎడం చేత్తో మంచం కోడు కొడతాడు. ముప్పై ఏళ్ళుగా పొగాకు వేలం కేంద్రానికి పోయి ఏ బేలు ఏ గ్రేడుకి పోద్దో చూసి చెప్పేవాడు, ఇప్పుడు బ్యాంకులో వేలిముద్ర వేయించడానికి ఆయన్ని ఆటోలో తీసుకెళ్తుంటే తల దించుకుని కూర్చుంటాడు. గుండె లయ తప్పి కొట్టుకోవడం వల్ల అక్కడ గడ్డ తయారై పైకి పోయిందని తర్వాత తేలింది, రెండేళ్ళుగా దడ దడ అంటానే ఉన్నాడు, మేమే గ్యాస్ అనుకున్నాం.

ఎనిమిది నెలల తర్వాత మా వీధిలోనే పాల వ్యాన్ నడిపే అతనికి ఇట్టాగే వచ్చింది. ఇంకా 50 కూడా లేవు. వాళ్ళావిడ ఏడుస్తా మా ఇంటికే వచ్చింది, నేను ఏ టౌన్లోనూ ఆగనివ్వలేదు, నీళ్ళు కూడా పట్టనివ్వలేదు, దారిలో ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి మనిషి వస్తున్నాడు టైం ఇదీ అని చెప్పాం, వాళ్ళు స్కానింగ్ గది ఖాళీగా ఉంచారు. పక్షవాతం వచ్చిన రెండు గంటల పది నిమిషాలకి ఇంజెక్షన్ పడింది. మర్నాడు సాయంత్రానికి చెయ్యి కదిలింది, మూడు నెలలకి వ్యాన్ దగ్గరికి వచ్చాడు, డాక్టర్ ఒప్పుకున్నాకే మళ్ళీ స్టీరింగ్ పట్టాడు. అందరికీ అలా అవదని పైన రాశాను. కానీ అతను రోజూ పొద్దున హారన్ కొడతా మా ఇంటి ముందు నుంచి పోతుంటే అమ్మ లోపలికి వెళ్ళిపోతుంది.

నేను అడిగేది రెండే. మొదటిది ప్రభుత్వాన్ని. గుండెపోటుకి మన రాష్ట్రంలో 2023లో స్టెమీ ప్రోగ్రామ్ పెట్టారు, చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రిలో ఉన్న గుండె డాక్టర్‌కి పంపిస్తే ఆయన చూసి చెప్పగానే అక్కడే ఖరీదైన ఇంజెక్షన్ ఫ్రీగా ఇస్తున్నారు, ఎంతో మంచి పని. ఆ ఇంజెక్షన్ కూడా టెనెక్టెప్లేసే అండి, నాన్నకి దొరకని మందు అదే. డోసు వేరు, ఈసీజీ బదులు సీటీ కావాలి, అంతే తేడా. కొండ రాష్ట్రం హిమాచల్‌లో 2014లోనే మొదలుపెట్టారు, సీటీ ఉన్న ఆసుపత్రుల్లో మామూలు డాక్టర్లకి ట్రైనింగ్ ఇచ్చి, న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) ఫోన్లో సలహా చెప్పేటట్టు, మందు ప్రభుత్వమే ఇచ్చేటట్టు. మంచు పడి రోడ్లు మూసుకుపోయే చోట చేయగలిగింది నేషనల్ హైవే పక్కనున్న మన టౌన్లలో చేయలేమా? సీటీ మిషన్ ఉన్న ప్రతి సర్కారు ఆసుపత్రిలో రాత్రి కూడా తీసే మనిషిని పెట్టండి, ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ ఉంచండి, 108 వాళ్ళకి పక్షవాతం కేసైతే దగ్గరి ఆసుపత్రికి కాకుండా సీటీ ఉన్న ఆసుపత్రికే పొమ్మని, పోతా పోతా ఫోన్ చెయ్యమని ఆర్డర్ ఇవ్వండి.

రెండోది మిమ్మల్ని. ప్రతి నెలా ఒకటో తారీఖున జిల్లా ఎడిషన్లో ఒక చిన్న బాక్స్ వెయ్యండి. మన జిల్లాలో 24 గంటలూ సీటీ తీసే చోట్లు ఏవి, స్ట్రోక్ ఇంజెక్షన్ ఎక్కడ ఇస్తారు, గడ్డ లాగే సౌకర్యం దగ్గరలో ఎక్కడుంది, ఎమర్జెన్సీ ఫోన్ నంబరు ఏంటి. మీ రిపోర్టర్లు మండలానికి ఒకరున్నారు, ఒక్కో ఆసుపత్రికి పోయి రాత్రి పదింటికి సీటీ తీస్తారా అని అడిగి రాయండి. బంగారం రేటు రోజూ వేస్తున్నారు, పొగాకు వేలం రేట్లు వేస్తున్నారు, నెలకి ఒకసారి ఆరు లైన్లు వెయ్యండి.

మీరు వేసిన రోజు నేను ఆ ముక్క కత్తిరించి పాల కేంద్రం గోడకి అంటిస్తాను, ఆర్ఎంపీ గారికి ఒకటి ఇస్తాను, ఆయన ఇప్పటికే రెండుసార్లు అడిగారు, టీచరమ్మా ఆ లిస్టు ఏదైనా దొరికిందా అని.

ఇట్లు,
ఒక టీచర్,
ప్రకాశం జిల్లా