పాస్టరమ్మగారికి, పక్కింటి అక్కకు కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. చెన్నై పెరంబూరులో మా తెలుగు సంఘం పాస్టరమ్మగారికి ఎదురుగా థ్యాంక్స్ చెబితే "దేవునికి చెప్పుకోమ్మా" అని తోసేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పక్కింటి అక్కది నెల్లూరు. వాళ్లాయన పోయి మూడు నెలలైంది. ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ప్రార్థన చేస్తున్నానని చెప్పేదాన్ని. ఒక సాయంత్రం మెట్ల మీద ఆపి, "ప్రార్థన చేశానన్నావు కదా, మరి మా ఆయన ఎందుకు పోయారు? ఆదివారం వచ్చి చెప్పు" అంది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది.

నాకు టెన్షన్ పట్టుకుంది. నోటుబుక్కులో వాక్యాలు, కింద జవాబులు, అక్క ఇలా అంటే నేనలా అనాలని బాణం గుర్తులు... పదో తరగతి పరీక్షలకు కూడా అంత రాసుకోలేదు.

శనివారం పాస్టరమ్మగారికి చూపించాను. రెండు పేజీలు తిప్పి మూసేశారు. "బైబిల్లో పేతురు రాసిన పత్రికలో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, నిజమే. ఫిలిప్పీ పత్రికలో దేవుని సమాధానం అని ఉంది. అక్కడ జవాబు కాదమ్మా, శాంతి. మొదటిది నీ దగ్గర నాలుగు పేజీలుంది. రెండోది?" ఇన్నేళ్లుగా చదువుతున్నా ఆ రెండు సమాధానాలను పక్కపక్కన పెట్టి చూడలేదు. అక్కకు అన్నీ అనుమానాలేనండీ అంటే నవ్వారు. "అనుమానించిన యేసు శిష్యుడు తోమాయే కదా ఈ ఊరిదాకా వచ్చి పరంగిమల కొండ మీద ప్రాణమిచ్చాడంటారు! అడగనీ." తర్వాత నా చెయ్యి పట్టుకుని ప్రార్థించారు. నాకు మాటలిమ్మని కాదు, భయం తీసెయ్యమని.

మర్నాడు వెళ్లేసరికి అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేనూ కూర్చుని నాలుగు చేతిలోకి తీసుకున్నాను. "ఎందుకు పోయారో నాకు తెలియదక్కా" అన్నాను. గొంతు వణకలేదు. మా నాన్న పోయినప్పుడు నేనూ దేవుణ్ణి అదే అడిగానని, జవాబు రాకపోయినా ఆయన్ని వదల్లేకపోయానని చెప్పాను. అంతే. నోటుబుక్కు సంచిలోనే ఉండిపోయింది. అక్క చాలాసేపు ఏడ్చి, "తెలియదన్నావు చూడు, అది చాల్లే" అంది.

అక్క మందిరానికి రాలేదు, నేను పిలవలేదు. సంఘంలో ఒకరిద్దరు "మరి ఏమైంది?" అని అడుగుతున్నారు. నాటేవాడు, నీళ్లు పోసేవాడు ఎవరైనా పెంచేది దేవుడేనని పౌలు రాసింది ప్రసంగంలో వింటాం, బయటికొచ్చి లెక్క అడుగుతాం!

ఆ ఆదివారం నాకోసం ఇంట్లో ప్రార్థించిన అక్కచెల్లెళ్లకు కూడా వందనాలు. ఇది రాయొచ్చా అని పక్కింటి అక్కను అడిగితే, "నా పేరు పెట్టకు. కూర బాగుందని మాత్రం రాయి" అంది. చాలా బాగుంది.