ఎలుగుబంటి పక్కన పెంగ్విన్‌ని ఎప్పుడు చెరిపిస్తారు సార్?

గౌరవనీయులైన విద్యాశాఖ అధికారి గారికి,

గుంటూరు నుంచి ఒక ఆరో తరగతి పిల్ల తాతయ్య నమస్కరించి రాయునది.

మా బడి గోడ మీద ధ్రువపు ఎలుగుబంటి పక్కన పెంగ్విన్‌ని వేశారు, కింద రాసినవీ తప్పులే, సరిచేయించండి అని సోమవారం అర్జీల్లో ఇచ్చిన కాగితాలన్నీ మీ దగ్గరే ఉంటాయి కాబట్టి కథంతా మళ్లీ చెప్పను. 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సంబరపడి వెళ్లి చూశాను. పెంగ్విన్ అక్కడే ఉంది, కొత్త కోటింగ్‌తో నిగనిగలాడుతూ ధ్రువపు ఎలుగుబంటి భుజం మీద రెక్క వేసి నిలబడింది. మంచి పరిష్కారం!

అంటార్కిటికాలో ఎలుగుబంట్లు లేవు, ఆర్కిటిక్‌లో పెంగ్విన్లు లేవు. బెజవాడ బస్టాండులో కలుసుకోవడానికి అవేమన్నా చుట్టాలా?

పోనీ, బొమ్మే కదా అని సర్దుకుందాం. కింద ఎర్ర రంగుతో 'మీకు తెలుసా?' అని రాయించారే, దాని సంగతేమిటి? 'ధ్రువపు ఎలుగుబంటి చర్మం తెల్లగా ఉంటుంది' అట. పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చారు. మా మనవరాలు 'నలుపు' అని రాసింది. ఇంటూ కొట్టారు. వెళ్లి అడిగితే టీచరమ్మ, "గోడ మీద ఉన్నదే కరెక్టండీ, పైవాళ్లు రాయించింది" అన్నారు. పాపం, ఆవిడని ఏమనగలం? ఇంటికొచ్చాక పిల్ల నాతో అన్న మాట వినండి: "తాతయ్యా, ఈసారి తెలుపనే రాసేస్తాలే, మార్కులు పోతున్నాయి."

సార్, దాని చర్మం నలుపే. మీ పెయింటర్ ముక్కు నల్లగానే వేశాడు, అదైనా చూడండి. పైవెంట్రుకలకి రంగే లేదు, లోపల బోలుగా ఉంటాయి. వెలుతురు వాటిలో చెదిరి మనకి తెల్లగా కనిపిస్తుంది. 1970ల చివర్లో అమెరికాలోని శాన్ డియాగో జూలో ఆ బోలు వెంట్రుకల్లో నాచు పెరిగి ఎలుగుబంట్లు పచ్చగా మారిపోయాయి. ఇలాంటిది రాయిస్తే పిల్లలు ఎగబడి చదువుతారు కదా!

గోడ మీద 'చలికాలమంతా నిద్రపోతుంది' అని రాసిందీ తప్పే. మంచు గుహలో నెలల తరబడి ఉండేది కడుపుతో ఉన్న ఆడవే. మిగతావాటికి సముద్రం గడ్డకట్టే ఆ కాలమే సీల్‌ల వేట. మంచు కరిగిపోయే ఎండాకాలంలోనే వాటికి పస్తులు. ఆ మంచు ఏటా తగ్గుతోందన్న అసలు ముక్క మాత్రం గోడ మీద ఎక్కడా లేదు. ఎడమచేతి వాటమని, వేటలో చేత్తో ముక్కు మూసుకుంటుందని రాయడానికి మాత్రం చోటు దొరికింది. ఆ రెంటికీ ఆధారాల్లేవు.

రంగు డబ్బా, పెయింటర్ కూలి నేనే పెట్టుకుంటాను. గోడ ముట్టుకోవాలంటే పర్మిషన్ కావాలంటున్నారు, అదిప్పించండి. పోయిన మార్కు సంగతి కూడా చూడండి. దయచేసి 'పరిష్కరించబడింది' అని మాత్రం మళ్లీ మెసేజ్ పెట్టించకండి.

ఇట్లు,
ఒక తాతయ్య, గుంటూరు